మా వాకిట్లో హైబ్రిడ్ తంగేడు

ముప్పై నాలుగేళ్ళకే జ్ఞాపకాలు రాయడం కాస్త అతి అని నాకూ తెలుసు. ఆ పని చేసేవాళ్ళకు మోకాళ్ళ నొప్పులుండాలి, చుట్టూ మనవళ్ళుండాలి, పడక్కుర్చీ ఒకటి ఉంటే ఇంకా శోభ. నాకున్నది ఒక్క నడుం నొప్పి, అదీ ల్యాప్‌టాప్ దయ. కానీ పోయిన ఎండాకాలం మా ఫ్లాటుకు రంగులు వేయిద్దామని పాత చెక్క బీరువా కింది సొరుగు బయటికి లాగితే, దాని వెనక సందులో ఒక పౌడర్ డబ్బా దొరికింది. ఊపితే గలగలమంది. రంగులేసే అన్న బంగారమేమోనని ఆశగా చూశాడు. మా అమ్మ వంటింట్లోంచే తీర్పు చెప్పేసింది. "పారెయ్యవే మౌనికా, బొద్దింకలు కాపురం పెట్టుంటయ్ అండ్ల." అవును, నా పేరు మౌనిక. పెట్టినవాళ్ళకు ముందుచూపు బొత్తిగా లేదు.

మూత తుప్పుపట్టి మొండికేసింది. స్క్రూడ్రైవర్‌తో బతిమాలితే ఊడింది. లోపల బంగారమూ లేదు, బొద్దింకలూ లేవు. గోలీకాయంత మూటలు రెండున్నాయి. ఒకటి ఎర్ర నేతచీర పీలికలో కట్టింది, రెండోది నీలిగళ్ళ గుడ్డలో. రెంటిలోనూ గింజలే. ఎర్రమూటలోవి చప్పిడిగా, మట్టిరంగులో ఉన్నాయి. నీలిమూటలోవి సన్నగా, ఏటవాలుగా కోసినట్టుగా, ఇప్పుడే నూనె రాసుకుని వచ్చినట్టు నిగనిగలాడుతున్నాయి. చూడగానే తెలిసిపోయింది, ఇది మా నానమ్మ పని.

మా నానమ్మ నర్సమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమెకు చదువు రాదు. సంతకం పెట్టాల్సినచోట వేలిముద్ర వేసి, ఆ సిరాను ఆఫీసరు బల్లగుడ్డకే తుడిచి వచ్చేది. కాబట్టి గింజల మీద పేర్లు రాసి దాచుకునే పద్ధతి కుదరదు. ఆమె పద్ధతి వేరు. ఏ గింజ ఎవరి చేతి మీదుగా ఇంటికొచ్చిందో, వాళ్ళ పాతబట్ట చింపి అందులో కట్టేది. తాత ఎక్కడినుంచో తెచ్చిన బీరగింజలు తాత ధోవతి ముక్కలో ఉండేవి. అమ్మ పుట్టింటినుంచి తెచ్చిన చిక్కుడు గింజలు అమ్మ జాకెట్టు గుడ్డలో ఉండేవి. అత్తాకోడళ్ళకు మాటల్లేని వారాల్లో కూడా ఆ చిక్కుడు మూటకు గుడ్డ మారలేదు. కోపం వేరు, చిక్కుడు వేరు.

ఎర్రచీర నానమ్మదే. నీలిగళ్ళది నా బడి యూనిఫాం స్కర్టుది. ఆ సంగతి చూసి ఎవరికైనా ఏదో ఒకటి స్ఫురించాలి. నాకేమీ స్ఫురించలేదు. మా ఇంట్లో చిరిగిన బట్ట ఒక్క జన్మతో పోయేది కాదు. మసిగుడ్డగా, గడపముందు కాళ్ళు తుడుచుకునే గుడ్డగా, చివరికి స్కూటర్ తుడిచే పేలికగా దానికి మోక్షం దొరికేది. నా స్కర్టుకూ ఏదో జన్మ అలా రాసిపెట్టి ఉందనుకున్నాను. జోకులకు చురుగ్గా ఉండే బుర్ర మిగతా పనులకు కూడా అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు కదా.

ఇవి తంగేడు గింజలని మాత్రం నమ్మకంగా తోచింది. ఎందుకో ముందు ముందు చెబుతాను. ఫోన్‌లో రెండు వీడియోలు చూసి, గింజల్ని గరుకుకాగితం మీద రుద్ది, గోరువెచ్చటి నీళ్ళలో ఒక పూట నానబెట్టి, బాల్కనీలో రెండు కుండీల్లో వేరువేరుగా నాటాను. మా బాల్కనీలో అప్పటికే ఆరు మొక్కలున్నాయి, అన్నీ అట్టపెట్టెల్లో ఇంటికే వచ్చినవి. అవి గాలిని శుభ్రం చేస్తాయట. ఎల్బీ నగర్ జంక్షన్‌లో జిల్లాల బస్సులన్నీ కలిసి చేసే పనిని నా ఆరు కుండీలు కూర్చుని సరిదిద్దాలన్నమాట. నాటుతుండగా నాలుగో అంతస్తు లచ్చమ్మ పెద్దమ్మ మెట్లెక్కుతూ ఆగింది. సూర్యాపేట దిక్కునుంచి కొడుకు దగ్గరికొచ్చిన మనిషి. లిఫ్టును నమ్మదు. దారిలో తలుపు తీసున్న ప్రతి ఇంటినీ తనిఖీ చేస్తుంది.

"ఏం పెడుతున్నవ్ బిడ్డ?"

"తంగేడు, పెద్దమ్మా."

"తంగేడా? కుండీలనా?" అని నవ్వింది. ఆ నవ్వు నాలుగో అంతస్తు తలుపు మూసుకునేదాకా వినబడింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ నిలబడినచోటే అప్పుడు మా ఇల్లుండేది. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ నడుమ, మెయిన్ రోడ్డు హారన్లు వినబడేంత దగ్గరలో, ఆటోవాళ్ళు మాత్రం "గంత లోపలికి రాను" అనేంత దూరంలో. మా తాతలది ఎల్బీ నగర్ సర్కిల్ అవతలి ఊరు. ఆ ఊరు ఎటూ పోలేదు, నగరమే వచ్చి దాని మీద కూర్చుంది. పొలాలు ముక్కలు ముక్కలుగా ప్లాట్లయ్యాక మిగిలింది ఈ ఇల్లు, దాని ముందు కొంత వాకిలి. ఆ వాకిట్లో రెండు దేశాలుండేవి. గేటుకు కుడివైపు నానమ్మది. మల్లె, కనకాంబరం, మందారం, గోరింట, నిమ్మ, కరివేపాకు, ఎవరూ నాటకుండానే వచ్చి కాపురం పెట్టిన చంద్రకాంత. ఎడమవైపు అమ్మది. క్రోటన్లు, బోగన్‌విలియా, గులాబీలు, ఇంకా హైవే పక్క నర్సరీవాడు ఆ పూట నోటికొచ్చిన పేరు పెట్టి అమ్మినవన్నీ. ఒకే మొక్కను మూడు పేర్లతో మూడుసార్లు కొన్న చరిత్ర మా అమ్మది.

పొద్దున్నే నానమ్మ వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేది. ఆ తడిమట్టి వాసనలో రాలిన మల్లెల వాసన, ఆమె నోట్లోని ఆకువక్క వాసన కలిసి ఉండేవి. ఆ తర్వాత అమ్మ తన దేశానికి వడ్డన మొదలుపెట్టేది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, వాడేసిన టీపొడి, కోడిగుడ్డు పెంకులు. ఆదివారమైతే మాంసం కడిగిన నీళ్ళు గులాబీలకు. మా వీధిలో వారం వారం నాన్‌వెజ్ తినే గులాబీలు మావే. ఆ వాసనకు పిల్లులు గేటు దగ్గర క్యూ కట్టేవి. "పువ్వు వాసన సూద్దమంటే బొక్కల వాసనొస్తున్నది" అని నానమ్మ ముక్కుకు కొంగు పెట్టుకునేది. "మీ గోరింటకేం తెలుస్తది అత్తమ్మా, సైజు చూడుండ్రి" అని అమ్మ. నాన్నకు ఈ రెండు దేశాల మీదా ఆసక్తి లేదు. ఆయన కల ఒక్కటే, వాకిలంతా టైల్స్ వేసి కార్ పార్కింగ్ చేయాలని. అప్పటికి మాకున్నది ఒక స్కూటర్. అది కూడా తన్నితేనే లేచేది. అయినా గేటు పక్కన కంకర కుప్ప పోయించి పెట్టుకున్నాడు. కారు ఎప్పుడొచ్చినా సరే, నేల సిద్ధంగా ఉండాలి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, బతుకమ్మ పండగకు రెండ్రోజుల ముందు, నానమ్మ నన్ను తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్‌కు పోయింది. గునుగు పువ్వు కొంది, బంతి కొంది. తంగేడు కట్టల దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. అప్పటిదాకా మా ఇంటికి తంగేడు ఎవరో ఒకరు చుట్టాలు కోసి తెచ్చేవారు. ఆ ఏడు ఎవరూ తేలేదు. కోయడానికి ఎవరికీ చేను మిగల్లేదు.

"తంగేడు గూడ అమ్ముతున్నరా?" అని అడిగింది నానమ్మ, గాలిని అమ్ముతున్నారా అన్నట్టు.

"అమ్మకపోతే ఎట్లవ్వా, పొద్దుగాల్ల లేసి కోసుకొస్తున్న" అంది పూలమ్మే ఆమె.

"ఏడికెల్లి తెచ్చినవ్?"

"గా సర్కిల్ దాటినంక పాత బాయి లేదా, ఆడ ఖాళీ ప్లాట్లున్నయి. మస్తు పూసింది. అడిగెటోళ్ళే లేరు."

ఆ పాత బావి మా ముత్తాత తవ్వించింది. ఆ ప్లాట్లు మావే, అమ్మేసినవి. అడిగేటోళ్ళు ఎదురుగానే నిలబడి ఉన్నారు, కాకపోతే సంచి పట్టుకుని ఉన్నారు. నానమ్మ కట్ట కొంది. షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మా నానమ్మ మాట్లాడకపోవడమంటే వాతావరణ శాఖ హెచ్చరిక కింద లెక్క.

తుఫాను మధ్యాహ్నం భోజనాల దగ్గర తీరం దాటింది. "ఇనుండ్రి. మల్లొచ్చే బతుకమ్మకు నా వాకిట్ల తంగేడు పానంతోని ఉండాలె. లేకుంటే ఈ ఇంట్ల బతుకమ్మ పేర్చేది లేదు."

"అమ్మా, తంగేడుకోసం గింత పరేషానెందుకు? ఓ ట్రాలీ నిండ తెప్పిస్త" అన్నాడు నాన్న.

"తెప్పియ్యి. మల్లిపొయ్యేటప్పుడు అండ్లనే నన్నెక్కియ్యి."

బతుకమ్మ లేకపోవడమంటే ఏమిటో పెద్దవాళ్ళకు ఎలా అర్థమైందో గానీ నాకు చాలా స్పష్టంగా అర్థమైంది. కొత్త పట్టులంగా లేదు, మలీద ముద్దలు లేవు, వీధంతా ఆడుతుంటే నేను గేటుకు వేలాడాలి. కాబట్టి ఈ తంగేడు వ్యవహారంలో నా వాటా కూడా తక్కువేమీ కాదు.

మొదటి ప్రయత్నం నాన్న, నానమ్మ కలిసి చేశారు. స్కూటర్ మీద ఆ ప్లాట్ల దగ్గరికే పోయి నడుమెత్తు చెట్టు తవ్వారు. తంగేడు నేలపైన ఎంతుంటుందో నేలకింద అంతకు రెట్టింపు ఉంటుంది. గడ్డపారకు ఆ సగం సంగతి ఎవరూ చెప్పలేదు. వేరు తెగింది, నాటిన మూడోరోజుకు చెట్టు పొయ్యిలోకి పనికొచ్చేలా తయారైంది. రెండోసారి చిన్నమొక్క తెచ్చారు. దాన్ని మా అమ్మ ప్రేమించింది. నానమ్మ చూడకుండా బియ్యం నీళ్ళు, మజ్జిగ నీళ్ళు, ఒక ఆదివారం గులాబీల కోటాలోంచి ఆ నీళ్ళు కూడా. పదిరోజులకు మొదలు కుళ్ళింది.

"ఎండుతుందని పోసిన అత్తమ్మా" అంది అమ్మ, నిజంగానే బాధగా.

"ఎండల పుట్టి ఎండల పూసేదానికి మజ్జిగనా? కడుపుల సల్ల కదలకుండ సూస్తే బతికే చెట్టు కాదది. ముద్దు జేసి సంపినవ్."

మూడోసారి నానమ్మ ఎవరినీ నమ్మలేదు. ఎక్కడో ఎండుకాయలు ఏరుకొచ్చి, గింజల్ని గడపరాయి మీద గీకి, నానబెట్టి, తన మంచి మట్టిలో కాదు, అమ్మ ఎరువుమట్టిలో అంతకన్నా కాదు, నాన్న కంకరకుప్ప అంచున వేసింది. తొలకరికి ఒక్కటి మొలిచింది. సన్నటి ఆకులు, దువ్వెన పళ్ళలా వరసగా. నాన్న తన పార్కింగ్ మధ్యలో మొలిచిన దాన్ని చూసి నిట్టూర్చాడు. నానమ్మ చుట్టూ నాలుగు రాళ్ళు పేర్చింది. రాళ్ళకు ఇవతలికి రావద్దని అమ్మకు చేత్తో సైగ చేసింది.

మొక్క జానెడు కూడా కాకముందే నానమ్మ కంటిలో పొర ముదిరింది. దవాఖానలో ఆపరేషన్, ఆ తర్వాత పదిరోజులు దగ్గర్లోనే ఉన్న మా మేనత్త ఇంట్లో ఉండాలన్నారు. పోయేముందు నన్ను మొక్క దగ్గరికి పిలిచింది.

"నీ పనేందో చెప్త, మంచిగిను. ఏం చెయ్యకు. నీళ్ళు పొయ్యకు, ముట్టకు, మట్టి కదపకు. ఊకె సూడు."

"అంతేనా?"

"గదే కష్టం పోరి."

నాకు పదేళ్ళు. ఏమీ చేయకుండా ఉండే పని నాకు ఇవ్వడం, చేపకు చెట్టెక్కే పని ఇవ్వడం ఒకటే. అయినా నాలుగు రోజులు చూశాను. మొక్క అలాగే ఉంది. పెరగదు, వాడదు, నన్ను గుర్తుపట్టదు. ఐదోరోజు నాకు జాలి వేసింది. నాకు జ్వరమొచ్చి తగ్గినప్పుడు రెండు చెంచాల టానిక్ పోస్తే బలం వచ్చింది కదా అని, అమ్మ గులాబీల కోసం దాచిన తెల్లటి యూరియా డబ్బా తీసి గుప్పెడు దాని మొదట్లో పోశాను. పైన చెంబెడు నీళ్ళు. ఆరోరోజుకు ఆకుల అంచులు మాడాయి. ఏడోరోజుకు పుల్ల మిగిలింది. నా వైద్యజీవితం అలా మొదలై అలాగే ముగిసింది.

ఇప్పుడు చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ రోజు నేను స్కూల్లో మధ్యాహ్నం డబ్బా మూత తీయలేదు. నానమ్మ కళ్ళకు గంతలతో వచ్చి ఆ పుల్లను తడుముకుంటున్నట్టు ఒకటే దృశ్యం. సాయంత్రం బడినుంచి వస్తూ మా వీధి చివర ఖాళీ స్థలంలో వానకు మొలిచిన మొక్కల గుంపు చూశాను. జానెడు ఎత్తు, పచ్చగా, రెండువైపులా ఆకులు. తంగేడు ఆకుకన్నా కొంచెం గుండ్రంగా, కొంచెం పెద్దగా, ముట్టుకుంటే కొంచెం కంపు. కానీ ఆ "కొంచెం"లన్నీ కలిపినా నాకు కొంచెంగానే తోచింది. వంటింట్లోంచి అట్లకాడ దొంగిలించి, ఒకదాన్ని మట్టితో సహా పెకలించి, నాలుగు రాళ్ళ మధ్య పాతి, పుల్లను మురుగు మోరీలో పడేశాను. అట్లకాడ కడిగి పెట్టాను. మర్నాడు అమ్మ దాంతోనే దోసెలు వేసింది.

పొద్దుగూకేసరికి ఆ మొక్క ఆకులన్నీ జతజతలుగా ముడిచేసుకుంది. ఇది కూడా చచ్చిందనుకున్నాను. పొద్దున లేచి చూస్తే హాయిగా విప్పుకుని నిలబడింది. రోజూ చచ్చి బతికే మొక్కను పెట్టుకుని నేను నానమ్మ వచ్చేలోపే రెండు కిలోలు తగ్గానని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కారణం మాత్రం నులిపురుగులనుకుని మందు తాగించింది.

నానమ్మ నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగింది. వంగొద్దన్నారు డాక్టర్లు. ఆమె గేటు లోపలికి రాగానే వంగింది. ఒక ఆకు తుంపింది. వేళ్ళ మధ్య నలిపింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను గేటు చువ్వ పట్టుకుని నిలబడ్డాను.

"ఎట్లున్నదే పోరి?" అంది చివరికి.

"మంచిగున్నది నానమ్మా. పెరిగింది గూడ."

"పెరగదా మరి? సూసుకున్నది నువ్వు గదా." లేచి నల్లా దగ్గరికి పోయి చేయి కడుక్కుంది, ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆపరేషన్ సరిగా కాలేదని, దేవుడు నా పక్షాన ఉన్నాడని తీర్మానించుకున్నాను. వారానికి నల్లద్దాలు తీసేసి, నా యూనిఫాం గుండీ తానే కుట్టింది, సూదిలో దారం మొదటిసారికే ఎక్కించి. "ఇప్పుడు మంచిగ కనవడుతున్నది, దోమకు రెక్కలెన్నో చెప్త" అంది. ఆ సమాచారాన్ని నేను పక్కన పెట్టాను. మనకు పనికిరాని సాక్ష్యాన్ని పట్టించుకోకపోవడం ఆ వయసులోనే వంటబట్టింది.

అసలు గండం పై వాటాలో కిరాయికున్న రమణి ఆంటీ రూపంలో వచ్చింది. ఆమెది గుంటూరు దగ్గర పల్లెటూరు. ఒకరోజు కరివేపాకుకోసం కిందికొచ్చి, ఏపుగా పెరిగిన మా "తంగేడు" చూసి ఆగిపోయింది. నేను అక్కడే లెక్కలు చేస్తున్నాను.

"ఇదేంటండీ పిన్నిగారూ, తగిరిస మొక్కను ఇంత ముద్దుగా రాళ్ళు పెట్టి పెంచుతున్నారు? మా ఊళ్ళో పేడకుప్పల మీద మొలుస్తుందండీ. తంగేడంటే ఇది కాదు..."

"మీ దిక్కు ఏమంటరో నాకు తెల్వదు రమణమ్మా. మా దిక్కు దీన్ని తంగేడే అంటరు."

"అయ్యో, కాదండీ పిన్నిగారూ, నేను చిన్నప్పుడు..."

"కరివేపాకు లేతది పైన కొమ్మకున్నది, తెంపుకో. చారు మాడుతున్నట్టున్నది సూడు."

ఆంటీ నన్ను చూసింది, నానమ్మను చూసింది, కరివేపాకు తెంపుకుపోయింది. అంత చదువుకున్న ఆంటీని దబాయించిన నానమ్మ అమాయకత్వానికి నాకు జాలేసింది. ఆ జాలితోనే ఆ సాయంత్రం ఆమె ఒత్తులు చేసుకుంటుంటే పక్కన చేరాను.

"నానమ్మా, ఒకవేళ అది తంగేడు కాకపోతే?"

"కాకపోతే ఏమైతది?"

"బతుకమ్మ ఉండదు గదా."

"అందుకే అది తంగేడే. పో, పొయ్యి రాస్కో."

బతుకమ్మనాటికి దానికి పూలొచ్చాయి, చిటికెన గోరంత పసుప్పచ్చవి, తొమ్మిది. నానమ్మ గునుగు, బంతి, కట్లపూలు వరసలు పేర్చి, తంగేడు ఉండాల్సినచోట కూడా బంతే పెట్టి, పసుపు గౌరమ్మ చుట్టూ ఆ తొమ్మిదీ గుచ్చింది. వీధిలో దించాక ఆడవాళ్ళు మూగారు. తంగేడు శపథం సంగతి అందరికీ తెలుసు. ఎవరో అననే అన్నారు, "ఇదేం తంగేడు నర్సమ్మా, గింతగింత పూలు? ఆకు గూడ గట్ల లేదు!"

మా నానమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "హైబ్రిడ్" అంది.

"ఏందీ?"

"హైబ్రిడ్ తంగేడు. మా కోడలు నర్సరీకెల్లి తెచ్చింది. మీకు దొరకదు."

అమ్మ నోరు తెరిచింది. జీవితంలో మొదటిసారి అత్తగారు తన నర్సరీని నలుగురిలో మెచ్చుకుంటుంటే కాదనే ధైర్యం చాలక మూసుకుంది. పట్టులంగా గరగరలాడించుకుంటూ నేను అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాను. ఒక ముసలామెను, ఒక వీధిని, ఒక పండగను మోసం చేసి దొరక్కుండా బయటపడ్డ ఆనందం మలీద కన్నా తియ్యగా ఉంది.

పండగయ్యాక అమ్మ దాన్ని పీకబోతే నానమ్మ పీకనివ్వలేదు. కొడవలిలాంటి సన్నటి కాయలు ఎండేదాకా ఉంచింది. ఆ తర్వాత నాన్న టైల్స్ వేయిస్తానంటే, అందరూ యుద్ధానికి సిద్ధమైతే, ఆమె "ఏస్కో" అంది, అంతే. మరుసటేడు నుంచి మార్కెట్లో తంగేడు కొన్నది, బేరమాడి మరీ. స్కూటర్ ఆ టైల్స్ మీద మహారాజులా నిలబడింది. కారు రాకముందే బిల్డర్ వచ్చాడు.

ఇన్నాళ్ళూ స్నేహితుల దగ్గర నేను గొప్పగా చెప్పుకునే కథ ఇది, పదేళ్ళకే నేను చేసిన నిఖార్సయిన మోసం. మొన్న వానలు మొదలయ్యాక నీలిగళ్ళ మూట నాటిన కుండీలో నాలుగోరోజుకే మొలకలు లేచాయి. గుండ్రటి ఆకులు, మూడు జతలు. పొద్దుగూకేసరికి ముడుచుకున్నాయి. ఎర్రచీర కుండీలో మూడు వారాలకు ఒక్కటంటే ఒక్కటి మొలిచింది. సన్నటి ఆకులు, దువ్వెన పళ్ళలా. ఫోన్‌తో ఫొటో తీస్తే యాప్ రెండో దాన్ని తంగేడంది. మొదటి దాన్ని కలుపుమొక్క, వెంటనే తొలగించండి అంది. లచ్చమ్మ పెద్దమ్మ మెట్ల మీదినుంచి తొంగిచూసి, "తంటెం చెట్టు పెట్టినవేంది బిడ్డ, కూరొండుతవా?" అంది. రమణి ఆంటీ చెప్పిన తగిరిసకు మా దిక్కు పేరు తంటెం. యాప్‌కు అయిదు సెకన్లు పట్టింది, పెద్దమ్మకు ఒకటి.

ఆ కలుపుమొక్కకు నీళ్ళు పోస్తూ అప్పుడాగిపోయాను. రెండు మూటలు. తేడా తెలియని మనిషి రెండు మూటలు కట్టదు. తను గీకి నాటిన తంగేడు గింజల్లో మిగిలినవి తన చీరముక్కలో. నేను వీధి చివరినుంచి తెచ్చిన చెట్టు గింజలు, ఎవరు తెచ్చారో వాళ్ళ బట్టలో. తంగేడు మొలిచిన ఏడే పూయదని పొలం మనిషికి తెలియదా? ఆకు నలిపి వాసన చూసిన ఆ క్షణానే ఆమెకు అంతా తెలుసు. యూరియా సంగతి కూడా తెలిసే ఉంటుంది, డబ్బాలో గుప్పెడు తగ్గితే కనిపెట్టని మనిషి కాదు. నిక్షేపంలాంటి నా మోసాన్ని ఆమె నా గుడ్డలో కట్టి, తన పద్ధతిలో నా పేరు రాసి, పౌడర్ డబ్బాలో వేసి దాచింది. అమ్మ నా మొహం చూసి "ఏమైందే?" అంది. కంట్లో దుమ్ము పడిందన్నాను. గాలిని శుభ్రం చేసే మొక్కలు ఆరున్నా మా బాల్కనీలో దుమ్ము తగ్గలేదు మరి.

ఇప్పుడు మా బతుకమ్మ సెల్లార్‌లో ఆడతాం, కార్లు కొంచెం పక్కకు జరిపించి. అంటే సరిగ్గా మా పాత వాకిలి మీద. మొత్తానికి నాన్న కోరుకున్న పార్కింగ్ వచ్చింది, ముప్పై కార్లకు. పూలు ఫోన్‌లో ఆర్డరిస్తే సంచిలో వస్తాయి, తంగేడుతో సహా. ఎక్కడినుంచి తెచ్చారని అడగడానికి సంచి మాట్లాడదు. ఈ ఏడు పేర్చడం నాకు అప్పగించారు. ఆర్డరిచ్చిన తంగేడు వరసలు పేర్చాక, బాల్కనీలోకి పోయి కలుపుమొక్క పూలు తెంపుకొచ్చాను. లెక్కపెట్టలేదు, ఎన్నుంటే అన్ని. గౌరమ్మ చుట్టూ గుచ్చాను. అసలు తంగేడు పక్క కుండీలో ఇంకా జానెడే ఉంది. పూయడానికి తొందరేం లేదన్నట్టుంది. దానికి నేను ఏమీ చేయడం లేదు. నిజంగానే కష్టమైన పని.

చప్పట్లు మొదలయ్యే ముందు రెండో అంతస్తు కోడలుపిల్ల వంగి చూసింది. "అక్కా, పైనున్న ఈ చిన్నవి ఏం పూలు?"

"తంగేడు" అన్నాను.

"తంగేడు కిందుంది కదక్కా. ఇది వేరేలా ఉంది?"

"హైబ్రిడ్."

లచ్చమ్మ పెద్దమ్మ నా పక్కనే ఉంది. కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చి ఆ పూలను చూసింది. తర్వాత నన్ను చూసింది, చాలాసేపు. నేను గేటు చువ్వ కోసం చేయి చాచాను గానీ సెల్లార్‌లో గేటు దగ్గర్లో లేదు.

"అవ్ బిడ్డ" అంది పెద్దమ్మ ఆ పిల్లతో, కొంగు నడుముకు దోపుకుంటూ. "తంగేడే. మా దిక్కు గూడ ఉంటది. జరుగు, ఆడుదాం."